శిక్షణ సరే, పై మెట్టేదీ?

(నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచలో, గ్రామస్థాయి ప్రభుత్వ పనుల్లో ఉన్న స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం కాగితం మీద చాలా గంభీరంగా ఉంది. 'నైపుణ్యాలు, వృత్తిపరమైన ఎదుగుదల ప్రభుత్వోద్యోగుల పనితీరుపై చూపే ప్రభావం' అని. ఇలాంటి శీర్షికలు హైదరాబాదులో శిక్షణా సంస్థల గోడల మీద బాగానే ఉంటాయి. బోరంచలో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు దీన్ని మన మాటల్లోకి దించుకోవాలి. ప్రభుత్వం మనకు పని నేర్పుతోందా? నేర్చుకున్న పనికి విలువ కట్టి పై మెట్టు ఎక్కనిస్తోందా? ఎక్కనివ్వకపోతే మన పని ఏమవుతోంది, ఆ పని మీద ఆధారపడ్డ తల్లుల, పిల్లల గతి ఏమవుతోంది? నాకు అర్థమైనంతలో అడగవలసిన ప్రశ్నలు ఇవి.

ముందు 'ప్రభుత్వోద్యోగి' అన్న మాట గురించి. ఇక్కడున్న వాళ్లలో సగానికి పైగా ఆ మాటకు చట్టం ప్రకారం అర్హులు కారు. అంగన్‌వాడీ టీచరు, ఆయా, ఆశా కార్యకర్త, కాంట్రాక్టు ఏఎన్‌ఎం - వీళ్లెవరూ పూర్తి అర్థంలో ప్రభుత్వోద్యోగులు కారని ప్రభుత్వమే చెబుతుంది. కానీ ఊళ్లో ఒక బాలింతను అడిగి చూడండి, సర్కారు అంటే ఎవరని. ఆమె కలెక్టరును చూసి ఉండదు. తహసీల్దారు కార్యాలయం మెట్లు ఎక్కి ఉండదు. ఆమెకు తెలిసిన సర్కారు గుడ్డు, పాలు ఇచ్చే అంగన్‌వాడీ టీచరు, సూదిమందు వేసే ఏఎన్‌ఎం, జనన ధ్రువీకరణ రాసిచ్చే పంచాయతీ కార్యదర్శి. ఎవరి ముఖంలో ప్రజలు ప్రభుత్వాన్ని చూస్తున్నారో, వాళ్లలో ఎక్కువమందిని ప్రభుత్వం తన మనుషులుగా ఒప్పుకోదు. ఈ వైరుధ్యాన్ని పక్కన పెట్టి నైపుణ్యాల గురించి ఎంత మాట్లాడినా గాలి మాటలే.

ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలోకి, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పరిపాలన చేతులు మారినా భాషలు మారలేదు. మంజీర ఒడ్డున ఈ ఊళ్లలో పని చేయాలంటే తెలుగు ఒక్కటే సరిపోదు. కన్నడం వినపడుతుంది, మరాఠీ వినపడుతుంది, ఉర్దూ కావాలి, తండాకు వెళితే లంబాడీ రావాలి. చెరుకు కోతలు మొదలైతే కుటుంబాలకు కుటుంబాలే వలస వెళ్తాయి. బరువు తూచవలసిన పిల్లలు ఎక్కడో చెరుకు తోటల పక్కన గుడిసెల్లో ఉంటారు. వెళ్లేముందు టీకా వేయించడం, వచ్చాక మళ్లీ వెతికి పట్టుకోవడం, గర్భిణి తీసుకెళ్లిన కార్డు పోతే జ్ఞాపకం మీద కొత్త కార్డు రాయడం - ఇదంతా పనే. ఇదంతా నైపుణ్యమే. నాలుగు భాషల్లో ఒక తల్లిని ఒప్పించగల స్త్రీ, అదే పని ఏ బహుళజాతి సంస్థలోనో చేస్తే దానికి ఇంత జీతమని లెక్క కడతారు. ఇక్కడ దానికి ఏ రికార్డులోనూ గడి లేదు.

ఎందుకు లేదు? నైపుణ్యం అనే మాటకు మన సమాజం ఇచ్చుకున్న అర్థంలోనే జవాబుంది. మగవాడు నేర్చుకున్నది విద్య. ఆడది నేర్చుకున్నది స్వభావం. పసిపిల్లలను ముప్పై మందిని ఒక గదిలో మూడు గంటలు కూర్చోబెట్టడం 'ఓపిక' అవుతుంది, అదేదో పుట్టుకతో వచ్చినట్టు. ఈ ఆలోచన వంటింట్లో మొదలై సర్వీసు నిబంధనల దాకా వెళ్లింది. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్వీసు నిబంధనల్లో 22-ఎ అనే నియమాన్ని చేర్చింది. స్త్రీలు పురుషులకంటే ఎక్కువ అనువైన ఉద్యోగాల్లో వాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని, ఇద్దరూ సమానంగా అనువైన చోట కనీసం 30 శాతం మేరకు స్త్రీలను తీసుకోవాలని దాని సారాంశం. దీన్ని 1995లో సుప్రీంకోర్టు విజయకుమార్ కేసులో సమర్థించింది, రాజ్యాంగం 15(3) అధికరణం దీనికి చోటిస్తుందని చెప్పింది. 1996లో ఈ వాటా మూడో వంతుకు పెరిగింది. ఈ నియమం వల్ల వేలాది స్త్రీలు ఉద్యోగాల్లోకి వచ్చారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. అయితే అందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, 'స్త్రీలకు అనువైన పని' అనే మాటను చట్టంలోకి ఎక్కించారు. అనువైన పనులంటే ఏవో మీకు తెలుసు. ఎదుగుదల లేని పనులన్నీ అక్కడే ఉన్నాయి. రెండు, అది నేరుగా జరిపే నియామకాలకు మాత్రమే వర్తిస్తుంది. పదోన్నతులకు కాదు. గేటు తెరిచారు, మేడ మెట్ల సంగతి ఎత్తలేదు. ఆ గేటు కూడా ఎప్పుడూ ఒకే వెడల్పున లేదు: 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం జీవో 3తో రోస్టర్ పాయింట్లు కేటాయించకుండా సమాంతర పద్ధతిలో స్త్రీల వాటా అమలు చేయాలన్నప్పుడు, దాని వల్ల ఉద్యోగాలు తగ్గుతాయన్న ఆందోళన రాష్ట్రమంతా వినిపించింది.

శిక్షణకూ ఉద్యోగానికీ మధ్య సంబంధం ఎలా ఉండాలో మన తెలుగు స్త్రీ ఒకామె డెబ్బై ఏళ్ల కిందటే చూపించింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. గ్రామాల్లో పని చేయడానికి గ్రామసేవికలు, దాదులు, ఉపాధ్యాయినులు కావాలి. చదువుకున్న స్త్రీలు దొరకరు. పట్నంలో దొరికిన వాళ్లు పల్లెకు రారు. ఇలాంటి పరిస్థితిలో మామూలు అధికారి చేసే పని ఏమిటి? 'అర్హులైన అభ్యర్థినులు లేరు' అని ఫైలు మూసేయడం. దుర్గాబాయి ఎదురు దారిలో వెళ్లింది. పల్లెల్లోనే ఉన్న స్త్రీలను, వితంతువులను, భర్తలు వదిలేసిన వాళ్లను, చిన్నప్పుడే బడి మానిన వాళ్లను తీసుకుని రెండేళ్లలో మిడిల్ స్కూలు, మెట్రిక్ పరీక్షలకు తయారు చేసే సంక్షిప్త విద్యా కోర్సులను 1958లో బోర్డు తరఫున మొదలుపెట్టించింది. 1937లో తాను మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కు చదివించిన అనుభవం ఆమె వెనక ఉంది. ఈ కోర్సు ప్రత్యేకత ఏమిటంటే, చదువు చివర ఒక ఉద్యోగం కనపడుతూ ఉండేది. పిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చి రాత్రింబవళ్లు చదివిన స్త్రీకి ఎందుకు చదువుతున్నదో తెలుసు. ఆ తర్వాత వచ్చిన శిక్షణల్లో ఎక్కువ భాగానికి ఈ 'ఎందుకు' లేదు.

ఏఎన్‌ఎంల చరిత్ర దీనికి పూర్తిగా తలకిందులు. దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే నైపుణ్యం ఎలా పోతుందో ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి నాకు కనపడలేదు. మొదట్లో ఏఎన్‌ఎం అంటే రెండేళ్లు చదివిన మంత్రసాని. పేరులోనే ప్రసవం చేయించే పని ఉంది. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఒకే కార్యకర్త అన్ని ఆరోగ్య పనులూ చేయాలని సిఫారసు చేసింది. 1977లో శిక్షణను పద్దెనిమిది నెలలకు కుదించారు, బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అని పేరు మార్చారు. ప్రసవాల మీద ఉన్న దృష్టి టీకాల మీదికి, అంతకంటే ముఖ్యంగా కుటుంబ నియంత్రణ లక్ష్యాల మీదికి మళ్లింది. నెలకు ఇన్ని ఆపరేషన్లు తేవాలి. తేకపోతే మీటింగులో నిలబెట్టి తిట్లు, జీతం నిలుపుదల. ఊళ్లో స్త్రీలు ఏఎన్‌ఎం వస్తుంటే తలుపులు వేసుకున్న రోజులు మనలో కాస్త వయసున్న వాళ్లకు గుర్తే. 1996 ఏప్రిల్‌లో కేంద్రం ఈ లక్ష్యాల పద్ధతిని ఎత్తేసేనాటికి రెండు దశాబ్దాలు గడిచిపోయాయి. ప్రసవం చేయించని మంత్రసాని చేతికి ఆ పని మిగలదు. తర్వాత ఆసుపత్రి ప్రసవాల విధానం వచ్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం కోతలే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఈ అంకెకు కారణాలు చాలా ఉన్నాయి. డబ్బు ఉంది, ముహూర్తాలు ఉన్నాయి, భయం ఉంది. ఓపికగా కూర్చుని మామూలు కాన్పు చేయించగల స్త్రీని వ్యవస్థలో లేకుండా చేసుకోవడం కూడా అందులో ఒకటని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో సగం వినండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటేడు డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 1977లో పద్దెనిమిది నెలలే, 2017లో పద్దెనిమిది నెలలే. మొదటిది ఉన్న నైపుణ్యాన్ని పలచన చేసింది. రెండోది అప్పటికే నర్సుగా పని చేస్తున్న స్త్రీకి ఇంకో విద్యను, ఆ విద్యకు తగిన పేరును, లేబర్ రూములో కొంత నిర్ణయాధికారాన్ని ఇచ్చింది. శిక్షణ ఎన్ని రోజులన్నది అసలు ప్రశ్న కాదు. శిక్షణ అయ్యాక ఆమె ఏ కుర్చీలో కూర్చుంటుంది, ఎవరు ఆమె మాట వినాలి అన్నది ప్రశ్న. ఇంతలో పాత ఏఎన్‌ఎంల పక్కనే గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద రెండో ఏఎన్‌ఎంలను కాంట్రాక్టు మీద పెట్టారు. అదే చదువు, అదే సూది, అదే ఎండ. జీతం వేరు, ఎదుగుదల అసలే లేదు. 2023 ఆగస్టులో వాళ్లు తెలంగాణలో సమ్మె చేస్తే, 'పనితీరు దెబ్బతింటోంది' అన్న మాట అప్పుడు అధికారులకు గుర్తొచ్చింది.

అంగన్‌వాడీల దగ్గరికి వద్దాం. తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. చిన్న కేంద్రాలు 3,989 అనేవాళ్లు, వాటిని కూడా ఇప్పుడు ప్రధాన కేంద్రాలుగా మార్చారు. శిక్షణ లేదని ఎవరూ అనలేరు. చేరినప్పుడు ఒక శిక్షణ, తర్వాత పునశ్చరణ, 2018లో పోషణ్ అభియాన్ వచ్చాక నెలనెలా పాఠాలు, 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక ఫోను వాడటం మీద శిక్షణ, 2023 మేలో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' కింద మూడు రోజులు. ఇవన్నీ పనికిరానివని నేననను. పిల్లవాడి జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే అది ప్రాణం మీదికి వచ్చే లోపమని గుర్తుపట్టడం నేర్చుకోవలసిందే. ఎదుగుదల పటంలో చుక్క పెట్టి, ఆ గీత ఎందుకు వంగిందో తల్లికి చెప్పడం నేర్చుకోవలసిందే. కానీ ఈ శిక్షణలన్నీ కలిపి చూడండి. ఇరవై ఐదేళ్లు పని చేసిన స్త్రీ ఇరవై శిక్షణలు పొందుతుంది, చేరిన చోటే పదవీ విరమణ చేస్తుంది. ప్రతి శిక్షణా ఒక కొత్త రిజిస్టరో, ఒక కొత్త తెరో తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది తప్ప ఒక మెట్టు పైకి తీసుకెళ్లలేదు. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి లబ్ధిదారుల ముఖం ఫోనులో పోల్చి చూడాలన్నారు. సిగ్నల్ లేని తండాలో ముఖం పోలక తిరిగి వెళ్లే గర్భిణికి సర్దిచెప్పేది ఎవరు? ఆ సర్దిచెప్పే పని ఏ యాప్‌లోనూ కనపడదు.

2015లో ఏడు వేలు, 2017లో పదివేల ఐదు వందలు, 2021లో 13,650 రూపాయలు - తెలంగాణలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం ఇలా పెరిగింది. అందులో కేంద్రం తన వంతు లెక్క కట్టేది 2018లో నిర్ణయించిన 4,500 రూపాయల మీదే. 'కార్యకర్త' అన్న పేరును 'టీచరు' అని మార్చారు. పేరు మారింది, మంచిదే. కానీ టీచరుకు ఉండే స్కేలు లేదు, పదోన్నతుల వరస లేదు, వేసవి సెలవుల కోసం కూడా పోరాడాలి. 2023 సెప్టెంబరులో ఇక్కడి అంగన్‌వాడీలు, ఆ డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగింది ఊరికే కాదు. అక్కడ నలభై రెండు రోజులు సాగిన ఆ సమ్మె మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. నాకు ఇందులో చేదు నవ్వు వస్తుంది. కోర్టులో 'వీళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు' అన్నవాళ్లకే, సమ్మె రోజున 'వీళ్లు లేకపోతే అత్యవసర సేవ ఆగిపోతుంది' అని అర్థమవుతుంది.

కోర్టు మాట వచ్చింది కాబట్టి రెండు తీర్పులు చెప్పుకోవాలి. 2006 డిసెంబరులో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలవి సివిల్ పోస్టులు కావని తీర్పు చెప్పింది. చట్టబద్ధమైన నియామక నిబంధనల ప్రకారం వచ్చిన వాళ్లు కారనేది ఒక కారణం. పదహారేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పింది. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక అంగన్‌వాడీ కేంద్రాల పని చట్టం అప్పగించిన పని అయిందని గుర్తించింది. సివిల్ పోస్టు అన్నది తేలలేదు గానీ, వీళ్లు చేసేది సేవ కాదు, ఉద్యోగం అన్న మాట న్యాయస్థానం నోట కొంతైనా వినపడింది.

హోదా లేకుండా శిక్షణ ఇస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లో భన్వారీదేవి అనుభవించింది. ఆ రాష్ట్ర మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఆమె 'సాథిన్'. బాల్యవివాహాలను ఆపమని ప్రభుత్వమే నేర్పింది. నేర్పినట్టు చేసినందుకు 1992 సెప్టెంబరులో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ప్రమాదంలోకి పంపిన వ్యవస్థ యజమానిగా అండ నిలవలేదు. 1997 ఆగస్టులో విశాఖ తీర్పు ఆ గాయం నుంచే వచ్చింది. మన ఊళ్లో పదహారేళ్ల పిల్ల పెళ్లి సంగతి అధికారులకు తెలియజేయమని మీకూ శిక్షణలో చెబుతారు. చెప్పాక రాత్రి ఇంటికి ఎవరు వస్తారో ఆ శిక్షణలో చెప్పరు.

రెగ్యులర్ ఉద్యోగినుల పరిస్థితి బాగుందా? కొంత బాగుంది, కానీ అక్కడి అడ్డంకులు వేరే రకం. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పోటీ పరీక్ష రాసి 2019 ఏప్రిల్‌లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శుల్లో చాలామంది డిగ్రీలు, పీజీలు చదివిన యువతులు. మొదట పదిహేను వేల జీతం, మూడేళ్ల పరీక్షాకాలం. 2021లో జీతం 28,719 చేశారు, పరీక్షాకాలాన్ని నాలుగేళ్లకు పొడిగించారు. 2023 వేసవిలో సమ్మె చేశాకే క్రమబద్ధీకరణ కదిలింది. ఆ నాలుగేళ్లూ వాళ్ల పనితీరు ఎలా కొలిచారు? మొక్కలెన్ని బతికాయి, పన్నెంత వసూలైంది, పొద్దున ఎన్ని గంటలకు ఫోటో పెట్టారు. తలమీద కత్తి వేలాడదీస్తే మనుషులు పని చేస్తారన్నది ఇక్కడి సిద్ధాంతం. కొత్తలో చేస్తారు కూడా. కానీ భయంతో పని చేసే మనిషి తప్పు చెప్పదు, లోటు చూపించదు. అంకె నింపుతుంది. బడ్జెట్ రాయడం, గ్రామసభను నడపడం, సర్పంచు భర్తను సర్పంచు కుర్చీలోంచి లేపడం - ఇవి నేర్చుకోవడానికి ధైర్యం కావాలి. అది ఉద్యోగ భద్రత లేకుండా రాదు.

నేర్చుకున్న పనిని నేలపాలు చేయడంలోనూ మన ప్రభుత్వాలది అందెవేసిన చెయ్యి. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల పోస్టులు చట్టం చేసి రద్దు చేశారు. కొందరి అవినీతికి అందరి పోస్టులూ పోయాయి. 2022లో లాటరీ తీసి వాళ్లను ఇతర శాఖలకు పంపారు. పహాణీ చదవగలిగిన, సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి మరో శాఖ గుమాస్తా అయ్యారు. 2025లో గ్రామ పాలనాధికారులు అని కొత్త పేరు పెట్టి, పాత వాళ్లకే పరీక్ష పెట్టి, మళ్లీ తీసుకొచ్చారు. ఈ అయిదేళ్లలో భూమి పట్టా కోసం తిరిగిన ఒంటరి స్త్రీలు ఎంతమందో ఎవరు లెక్క కట్టారు?

ఇక పదోన్నతులు. రెగ్యులర్ ఉద్యోగి పైకి వెళ్లాలంటే శాఖాపరమైన పరీక్షలు ప్యాసు కావాలి. అకౌంట్స్ పరీక్ష లాంటివి పుస్తకాలు చూసి రాయొచ్చు, కానీ ఏ పుస్తకంలో ఎక్కడుందో తెలియాలి. ఈ రహస్యం ఎక్కడ నేర్చుకుంటారు? అయిదు గంటల తర్వాత, ఆఫీసు పక్క టీ కొట్టు దగ్గర, సంఘం ఆఫీసులో, సూపరింటెండెంటు స్కూటరు వెనక. అదే సమయానికి స్త్రీ బస్సు కోసం పరుగెత్తుతూ ఉంటుంది. నోట్ ఎలా పెట్టాలి, ఏ పద్దు కింద బిల్లు చేయాలి, ఏ జీవోలో మినహాయింపు ఉంది అన్న జ్ఞానం శిక్షణా తరగతుల్లో పది శాతం కూడా దొరకదు. మగవాళ్లు ఆ బయటి బడికి ఫీజు లేకుండా వెళ్తారు. ఆమె ఇంటికెళ్లి పొయ్యి వెలిగిస్తుంది. ఆ తర్వాత అధికారి అంటాడు, ఆవిడకు ఫైలు రాదండీ అని.

పరీక్షలు ప్యాసై ప్రమోషన్ వచ్చిందనుకోండి, దాని వెనకే బదిలీ వస్తుంది. సంగారెడ్డికి వెళ్లి రావడానికే ఇక్కడినుంచి పూట గడుస్తుంది. పిల్లల చదువు, అత్తగారి జబ్బు, భర్త 'నీ ప్రమోషన్‌కు మేమంతా సామాను సర్దుకోవాలా' అన్న మాట - చివరికి ప్రమోషన్ వద్దని రాసిస్తుంది. ఫైల్లో అది ఆమె ఇష్టం. స్త్రీలకు ఆశయం తక్కువని రాసే పరిశోధకులు ఆ ఒక్క కాగితమే చూస్తారు. అదే ఇంట్లో ప్రమోషన్ భర్తకు వచ్చి ఉంటే సామాను సర్దేది ఆమే. 2021 డిసెంబరు నాటి 317 జీవో కింద జిల్లాల కేటాయింపు జరిగినప్పుడు దంపతులు వేరువేరు జిల్లాల్లో పడ్డ సంగతి మీకు తెలుసు. శిశు సంరక్షణ సెలవు కేంద్ర ప్రభుత్వోద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజులు. తెలంగాణ 2016లో ఇచ్చింది 90 రోజులు. కాంట్రాక్టు స్త్రీ పిల్లలకు సంరక్షణ అక్కర్లేదు కాబోలు.

ఇంతా చెప్పి, మన పనిలో లోపాలే లేవని నేను అనదలచుకోలేదు. పదకొండింటికి తెరిచే కేంద్రాలున్నాయి. దళితవాడ పిల్లలను వేరే వరసలో కూర్చోబెట్టే టీచర్లున్నారు. కింది ఉద్యోగం నుంచి సూపర్‌వైజరై, నిన్నటిదాకా తనతో కూర్చున్న స్త్రీలను నిలబెట్టి మాట్లాడే వాళ్లూ ఉన్నారు. సీనియారిటీ ఒక్కటే చూసి పైకి పంపితే పని చేసేవాళ్లూ చేయనివాళ్లూ ఒకటే అవుతారన్న వాదనలో కొంత నిజముంది. నేను అడిగేది సీనియారిటీని పూజించమని కాదు. ఆమెకు వచ్చిన పనిని చూసి, దాన్ని రాసిపెట్టి, దానికి పై మెట్టును జతచేయమని. కేంద్రం 2020 సెప్టెంబరులో 'మిషన్ కర్మయోగి' అని పెద్ద పథకం పెట్టింది. నిబంధనను పట్టుకుని పని చేయడం మాని పాత్రను బట్టి పని చేయాలని, ఉద్యోగులు ఇంటర్నెట్‌లో పాఠాలు చదువుకుని సామర్థ్యం పెంచుకోవాలని అంటోంది. ఢిల్లీలో డెస్కు ముందు కూర్చున్న అధికారికి అది ఉపయోగపడుతుందేమో. తండాలో లంబాడీలో మాట్లాడి, లోపపోషణతో ఉన్న బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రానికి బయల్దేరదీసిన టీచరుకు ఆ పాఠాల్లో ఏ సర్టిఫికెట్ ఇస్తారు?

ఒక ఆచరణీయమైన దారి మాత్రం ఇప్పటికే కాగితం మీద ఉంది. 2022లో వచ్చిన సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం, అయిదేళ్ల అనుభవం ఉన్న అంగన్‌వాడీ టీచర్లకు పదోన్నతిపై ఇవ్వాలి. అలాగే టీచరు పోస్టుల్లో సగం అయిదేళ్లు పని చేసిన ఆయాలకు. దీనికి అర్హతల షరతు ఉంది. పదో తరగతితో చేరిన స్త్రీకి డిగ్రీ కావాలంటే సగం పోస్టులు కాగితం మీదే ఉంటాయి. ఇక్కడే దుర్గాబాయి పద్ధతి పనికొస్తుంది. రాష్ట్రంలో సార్వత్రిక పాఠశాల ఉంది, 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఆయాకు ఇంటర్, టీచరుకు డిగ్రీ చదవడానికి ఫీజు శాఖ కట్టాలి. పరీక్షలకు జీతంతో సెలవు ఇవ్వాలి. చదువుకునే కేంద్రం నారాయణఖేడ్‌లోనే ఉండాలి. ఇరవై శిక్షణలకు అయ్యే ఖర్చులో ఇది పెద్ద భారం కాదు. శిక్షణా తరగతులు పెట్టేచోట పిల్లలను చూసుకునే ఏర్పాటు, సాయంత్రం నాలుగింటికల్లా ముగింపు, రాత్రి ఉండవలసి వస్తే తాళం పడే గది - ఇవి నేనడగక ముందే మీరు పొద్దున రాసిన కాగితాల్లో ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనాల తర్వాత రెండు పనులు చేద్దాం. ఒకటి, 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాద్దాం: మన ప్రాజెక్టులోనూ జిల్లాలోనూ మంజూరైన సూపర్‌వైజర్ పోస్టులెన్ని, ఖాళీలెన్ని, గత అయిదేళ్లలో టీచర్ల నుంచి పదోన్నతి పొందినవాళ్లెందరు, సీనియారిటీ జాబితా ఎక్కడ పెట్టారు. పది రూపాయల ఫీజు నేను తెచ్చాను. రెండు, ఒక్కొక్కరూ ఒక పేజీ మీద మీకు వచ్చిన పనులన్నీ రాయండి. ఎన్ని భాషలు మాట్లాడతారో, ఎన్ని ఇళ్ల దారి తెలుసో, ఎంతమంది బిడ్డల బరువు తూచారో. రాయడం ఇబ్బందైతే పక్కావిడకు చెప్పండి, ఆవిడ రాస్తుంది. తారీఖు, సంతకం మర్చిపోవద్దు. ఆ కాగితాల నకళ్లు దరఖాస్తుతో కలిపి సోమవారం ప్రాజెక్టు కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం.